దండెం మీది గుడ్డలు

నవంబరు 4, సోమవారం

సాయిచంద్ హాస్టల్‌కు పోయెటప్పుడు సగం రాసి ఇడిసిపెట్టిన నోటుబుక్కు ఇది. ముందల నా కొడుకు లెక్కలు, ఎనుక నా ముచ్చట్లు. మా అత్తకు సదువు రాదు. అయినా బియ్యం డబ్బల దాస్తున్న. ఆమె కండ్లు ఎక్కడెక్కడ తిరుగుతయో నాకెరుక.

ఇయ్యాల రాసుడు ఎందుకంటే నా గుడ్డలు పోతున్నయ్. పొద్దున దండెం మీద ఆరేసినయి మాపటికి తక్కువైతున్నయ్. నా మొగడు మల్లేష్ పాత లుంగీలు చింపి కుట్టుకున్నయి, మెత్తగ ఉంటయ్, తొడలు ఒరుసుకపోవు. గాలికి పోయినయా అంటే కొట్టం ఎనుక గాలెక్కడిది? కుక్క గుంజుకపోతే పీలికలన్న దొరకాలె. దొంగలెత్తుకపోయిండ్రా అంటే, ఛీ, మూత్రం గుడ్డలు ఎత్తుకపోయే దొంగ ఈ లోకంల ఉంటడా?

ఇంట్ల ఉండేది ఇద్దరమే. నేను, మా అత్త రామవ్వ. మల్లేష్ మస్కట్‌ల ఉన్నడు. ఇగ తేలినట్టే గదా.

నేను అనుమానపు మనిషిని కాదు. కండ్ల ముందటిది చెప్తున్న, అంతే.

నవంబరు 6

మళ్ళ లేవు. అత్తనే అడిగిన. "నీ గుడ్డలు నేనేం చేసుకుంట?" అన్నది. అనుకుంటనే కొంగు సదురుకున్నది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

నవంబరు 8, శుక్రవారం

మల్లేష్ ఫోన్ చేసిండు. కరీంనగర్ దవాఖానల సోమవారం దాఖలు కమ్మన్నరు. తోడు ఎవలు? మా అవ్వ ఉంటే ఈ ఫికరే లేకపోవు. వదినె కోతలు ఇడిసిపెట్టి రాదు. ఇగ అత్తే దిక్కు.

రెండేండ్ల కింద గర్భసంచి తీసేసినంక మొదలైంది నా బాధ. అప్పుడే మూత్రసంచికి తూటు పడ్డదట. నిలబడితే కారుతది, కూసుంటే కారుతది, నిద్రల కారుతది. పోయినేడు దాన్ని కుట్టిండ్రు. పైపు పెట్టి ఇంటికి పంపిండ్రు. మంచిగనే ఉండె. ఒకదినం పైపు మూసుకపోయింది, పొత్తికడుపు రాయోలె గట్టిపడ్డది, ఫట్టున కింద అంత తడి. కుట్లు పోయినయ్. నేను ఏడిస్తే అత్త కొట్టంలకు పోయి కూసున్నది, దగ్గరికి గూడ రాలే.

అప్పుడు నాకు నీళ్ళిచ్చింది ఎవలు? ఈమెనే. బాళింతకు ఇచ్చినట్టు చిన్న చెంబుల సగం, అది గూడ కాచి సల్లార్చి, బతిమిలాడితే. "పచ్చిపుండు మీద నీళ్ళు ఎక్కువైతే చీము పడుతది" అన్నది. ఊర్ల అందరు గట్లనే అంటరు, నేను గూడ నమ్మిన. ఇప్పుడు ఒక్కొక్కటి కలిపి చూస్తే ఇంకో తీర్గ కనపడుతంది.

ఆమె నా మంచం మీద కూసోదు. నేను కూసున్న కుర్చీల కూసోదు. గోనెసంచి మడతపెట్టుకొని గడపకాడ కూసుంటది, అన్నం గూడ ఆడనే, పడకేమో కొట్టంల. పొద్దుమాపు ఇంట్ల ఊదు పొగ. నా వాసన పోవాలనే గదా? నోటితోని అనకుంట మొఖం మీద కొట్టుడంటే ఇదే. నేను కాపురానికి వచ్చిన కాన్నుంచి ఆమె గట్లనే ఉంటది గని, అప్పుడేమో గొప్పతనం అనుకున్న, ఇప్పుడేమో అసహ్యం. రెండూ ఒకటెట్లయితయ్?

మా మామ పరశురాములు, మల్లేష్ చిన్నగున్నప్పుడే బొంబాయి పోయి ఆడనే ఇంకో సంసారం పెట్టిండు. రామవ్వ నోటికి భయపడి పోయిండని ఊరోళ్ళంటరు. కొడుక్కు గూడ ఆ తొవ్వనే చూపిస్తదేమో. ఈ తూటు ఈసారి పూడకపోతే మల్లేష్ ఎన్నేండ్లని ఓపిక పడుతడు? నాకు భయమంత అదే.

నవంబరు 11, సోమవారం, కరీంనగర్

సుల్తానాబాద్‌ల బస్సెక్కితే సగం సీట్లు ఖాళీ. అత్త కరీంనగర్ దాక నిలబడే వచ్చింది. "కూసో అత్తా" అంటే "కాళ్ళు పట్టుకున్నయ్, నిలబడితేనే మంచిగుంటది" అన్నది. కాళ్ళు పట్టుకుంటే ఎవలన్న నిలబడుతరా? నా పక్కన కూసోవద్దు, అది ముచ్చట.

డాక్టర్ పేరు భవ్యశ్రీ. నాకన్న చిన్నదే ఉంటది. మూత్రసంచిలకు నీలి రంగునీళ్ళు ఎక్కించి కింద దూది పెట్టి చూసింది. దూది నీలంగ తడిసింది. తూటు ఎక్కడుందో అట్ల దొరుకుతదట.

"చూడు నవనీతా, మొదటిసారి కుట్టినప్పుడే నిలిచే ఆశ ఎక్కువ" అన్నది. "ఒకసారి కుట్లు పోయినంక చుట్టంత మచ్చకట్టి గట్టిపడ్తది, రక్తం సరిగ్గ అందది. అందుకే ఈసారి పక్కనుంచి కొంచెం కొవ్వు తెచ్చి నడుమ అడ్డం పెడుతం. కుట్టుడు నా పని. దాన్ని నిలబెట్టుకునుడు నీ పని. పైపు ఒక్క పూట గూడ మూసుకపోవద్దు. మూత్రం నీళ్ళోలె తేటగ రావాలె, అంటే నువ్వు తాగుతనే ఉండాలె. మంచిగ తినాలె. మూడు నెలలు బరువులెత్తద్దు, మొగుని పక్కకు పోవద్దు."

మొగడు మస్కట్‌ల ఉండంగ ఆ చివరిదానికి ఫికర్ లేదు తల్లీ అందామనుకున్న. అనలే. అత్త మొఖం చూస్తున్న. 'తాగుతనే ఉండాలె' అన్నకాడ ఆమె ఉలిక్కిపడ్డది. నేను చూసిన.

రక్తం తక్కువున్నదట. ఎక్కించినంకనే ఆపరేషన్.

పక్క మంచం సత్తమ్మది. నిర్మల్ అవతల ఏదో ఊరు. కాన్పు కష్టమై ఆమెకూ గిదే తూటు పడ్డది, మొన్ననే కుట్టిండ్రు. నోట్ల నువ్వుగింజ నానది గని మనిషి మంచిదే. "మీ అవ్వనా?" అని అడిగింది. అత్త అని చెప్పిన. "బాప్‌రే! అత్త వచ్చిందా నీకు తోడు!" అని నోరు తెరిచింది.

ఆ మాట నా మనసుల పడ్డది.

నవంబరు 13

రేపే ఆపరేషన్. అత్త నా నొసటికి బండారి, దేవుని పసుపు, పెట్టింది. ఎక్కడిదో, ఎవలిచ్చిండ్రో చెప్పలే. ఆమె అటు తిరగంగనే తుడుసుకున్న.

నవంబరు 16, శనివారం

బతికిన.

నడుము కింద ఒకటే సలుపుడు. అయితే ఏంది, పక్కబట్ట పొడిగున్నది! చెయ్యి పెట్టి చూసుకున్న, మళ్ళ పెట్టి చూసుకున్న. రెండేండ్లాయె పొడిబట్ట మీద పండుకోక. సంబురానికి ఏడుపొచ్చింది, ఏడిస్తే కుట్లు గుంజుతున్నయ్.

మంజుల సిస్టర్ అత్తను నిలబెట్టి చెప్పింది. "అవ్వా, ఈ బ్యాగు మంచం కన్న కిందనే ఉండాలె. పైపు మడత పడొద్దు, దాని మీద పండుకోవద్దు. సీసా ఖాళీ అయితే నింపి తాపాలె. నీ కోడలు తాగినంత మంచిది." అత్త అన్నిటికి తల ఊపింది. ఊపుడు మంచిగనే ఊపుతది.

నవంబరు 17

నీళ్ళడిగిన. "ఇప్పుడే గదా తాగినవ్" అన్నది. తాగలే.

నవంబరు 19, మంగళవారం

మనసు బాగలేదు. వాసన వస్తంది. నాకు ఎరుకైన వాసననే, రెండేండ్లసంది నా ఒంటి మీద ఉన్నదే.

సత్తమ్మ గూడ ముక్కు ఎగపీల్చి కిటికి తెరువుమన్నది. నాకు చచ్చినంత పనైంది. మంజుల సిస్టర్‌ను పిలిచిన. చూసింది, దూది తీసి చూపించింది. తెల్లగ, పొడిగ. "ఒక్క చుక్క లేదు, ఊకె పరేషాన్ కాకు" అన్నది.

ఒక్క చుక్క లేకుంటే వాసన ఎక్కడిది? కుట్లు పోయినయ్, నాకు చెప్తలేరు. ఆ తెల్లదూది ముందుగాలనే చేతుల పట్టుకొని వచ్చిందేమో. డాక్టరమ్మ పొద్దున నవ్వుకుంట పలకరించింది, అంత నవ్వుడెందుకు? అత్త సంచిలకెల్లి ఊదుబత్తీలు తీసింది. వార్డుల ముట్టియ్యద్దని సిస్టర్ కోపానికి వచ్చింది.

ఇంకోటి. బ్యాగుల మూత్రం చాయ్ రంగుల ఉన్నది. "నీళ్ళు తాగుతలేవా?" అని సిస్టర్ అడిగింది. "తాగుతంది బిడ్డా, చూడు, సీసా ఖాళీ" అన్నది అత్త. సీసా నిజంగనే ఖాళీ. నేను అంత తాగినట్టు యాదికి లేదు. మందుల మత్తుల తాగిన్నా?

నవంబరు 20

అత్త చాయ్‌కు పోయినప్పుడు సత్తమ్మకు గుడ్డల ముచ్చట చెప్పిన. చెప్పకుంటే మంచిగుండు.

"ఒంటికి తగిలిన బట్ట పోతుందా?" అని మంచం అంచుకు జరిగింది. "జర చూస్కో పోరీ. మా దిక్కు బాణామతి గట్లనే చేస్తరు. ఒంటిబట్ట దొరికితే చాలు, మనిషి కాలు చెయ్యి పడిపోతయంటరు."

నవ్విన. గియ్యన్ని ఉత్తమాటలని నాకు తెల్వదా, పదో తరగతి పాసైన దాన్ని. కాకపోతే అత్త ఇచ్చిన గుడ్డు తినలే. పాలు గూడ సత్తమ్మకే ఇచ్చిన. బిస్కట్లు తిని పండుకున్న.

నవంబరు 22

అత్త నా ఫోన్ పట్టుకొని కిటికికాడికి పోయి మల్లేష్‌తోని మెల్లగ మాట్లాడింది. ఎన్నడు మెల్లగ మాట్లాడని మనిషి! ఒక్క మాటే ఇనబడ్డది. ఇంకో పెండ్లి.

ఏడవలే. గోడ దిక్కు తిరిగి పండుకున్న.

నవంబరు 24, ఆదివారం

పొద్దున పైపుల చుక్క రాలే. కడుపు రాయోలె అయింది. పోయినేడు ఎట్లనో అట్లనే. నేను పెట్టిన కేక ఇని మంజుల సిస్టర్ ఉరికొచ్చింది. పైపులకు సూదితోని మెల్లగ నీళ్ళు కొట్టి, అడ్డం పడ్డ మురికి పోయేదాక కడిగింది. బ్యాగులకు ధార పడ్డది. అప్పటిదాక ఊపిరి పీల్చిన్నో లేదో.

"ఒంట్ల నీళ్ళు లేకనే పైపు అడ్డుపడ్డది. ఇంకో గడియ అయితే కుట్లు ఉండకపోవు" అన్నది. ఆమె కండ్లల్ల గూడ భయం ఉన్నది. అంటే కుట్లు ఇంకా ఉన్నయన్నట్టే గదా. అంత భయంల గూడ ఆ ఒక్కటి మనసుకు తట్టింది.

ఇగ తేల్చుకుందామని నిద్రపోయినట్టు పండుకున్న. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు, అత్త నా దిక్కు చూసింది, నిండు సీసా తీసుకున్నది, చెయ్యి కడుగుడు తొట్టిల వంచింది.

"పట్టుకున్న!" అని ఒర్రిన. వార్డంత తిరిగి చూసింది. "నా కాపురం ముంచుతున్నవా? పోయినేడు గూడ గిట్లనే చేసినవ్! నీ కొడుక్కు ఇంకో పెండ్లి చేద్దామనా?"

అత్త సీసా పట్టుకొని అట్లనే నిలబడ్డది. నేను తిడితే తిరిగి తిట్టని మనిషి కాదు. ఇయ్యాల తిట్టలే.

"తాగితే కారుతది బిడ్డా" అన్నది. "తాగకుంటే కారది. కడుపు ఎండబెట్టుకుంటే పెండ్లికి పోయి వచ్చేదాక ఆగుతది. మేడంకు సదువు ఎరుక, గిది ఎరుకనా? నాకెరుక."

"నీకెట్ల ఎరుక?"

అత్త పోయి గోనెసంచి మీద కూసోబోయింది. అప్పుడు చూసిన, ఆ గోనెసంచి నడుమ నల్లగ తడి. వంగెటప్పుడు చీరె కుచ్చిళ్ళ సందునుంచి గుడ్డ కొస కనపడ్డది. నీలి గళ్ళది. మల్లేష్ లుంగీ.

ఓ అవ్వా.

నవంబరు 25

రాత్రంత నిద్ర లేదు. పొద్దున సత్తమ్మను పరీక్షకు తీసుకపోయినంక అత్త చెప్పింది, నా మొఖం చూడకుంట, కిటికి దిక్కు చూసుకుంట.

మల్లేష్ తర్వాత ఒక ఆడపిల్లనట. మూడు దినాలు నొప్పులు. మంత్రసాని, ఇంటి అర్ర, వాన. పిల్ల చచ్చి పుట్టింది. లేచి నిలబడ్డప్పటినుంచి కారుడే. ముప్పై ఏండ్లు దాటె. మామ ఏడాది చూసిండు, బొంబాయి పోయిండు.

"మరి నీ నోటికి భయపడి పోయిండని అందరంటరు?"

"నేనే అననిచ్చిన. నోరు చెడ్డదంటే ఏం పాయె? నోరు అందరికి చెడ్డదే."

కొడుక్కు గూడ చెప్పలేదట. కొట్టంల పడక అందుకే. గడపకాడ అన్నం అందుకే. ఊదు పొగ ఆమె కోసమే, నా కోసం కాదు. బస్సుల నిలబడుడు గూడ. దవాఖానకు పోతే ఊరందరికి ఎరుకైతదని పోలేదట, పోయినా దీనికి మందుంటదని ఎవలన్న చెప్పిండ్రా అని నన్నే అడుగుతంది.

"గుడ్డలెందుకు తీసినవ్?"

"నా పాతచీరెలు గరుకు. ముసలి తోలు, పుండ్లు పడుతున్నయ్. నీయి మెత్తగున్నయ్."

"ఒక్క మాట అడుగరాదా? కుట్టియ్యనా నేను?"

"నీకు మొదలైనప్పుడు నువ్వు చెప్పినవా నాకు? నెలదాక దాచినవ్. దండెం మీద గుడ్డలు చూసి నేనే తెలుసుకున్న. ఆ దినం నాకు అన్నం పోలే."

నాకు ఏడుపొచ్చింది. కోపం గూడ వచ్చింది. ఎందుకు రాదు? నా మీద ప్రేమతోనే గదా పోయినేడు నా కుట్లు పోగొట్టింది! శత్రువైతే తిట్టిపోసి సల్లగుందును. ఇప్పుడు ఎవల మీద పోసుకోవాలె ఈ కోపమంత? చెయ్యి చాపితే దగ్గరికి వచ్చింది. మంచం మీద మాత్రం కూసోలే.

నవంబరు 26

తాగుతున్న. అత్తే తాపుతంది. గుటకగుటకకు నా గొంతు దిక్కు, తర్వాత పక్కబట్ట దిక్కు చూస్తది, ఇగ కారుతది ఇగ కారుతది అన్నట్టు. ఆఖరికి ఆగలేక నా కిందికి చెయ్యి పెట్టి చూసింది.

"పొడిగనే ఉన్నదే! మరి గిన్ని నీళ్ళు ఏడికి పోతున్నయ్?"

"పైపుల నుంచి బ్యాగులకు, అత్తా. లోపల తూటు మీద ఆగకుంట పోతేనే అది మానుతది."

బ్యాగును పట్టుకొని వెలుతురుకు చూసింది, శాన సేపు.

గుడ్లు గూడ తింటున్న. బాణామతి చేస్తే చేసిందిగని.

డిసెంబరు 5, గురువారం

నీలినీళ్ళు మళ్ళ ఎక్కించిండ్రు. కండ్లు మూసుకున్న. దూది తీసిండ్రు. "చూడు" అన్నది భవ్యశ్రీ మేడం. చూడలే. నమ్మలే. "అత్తా, నువ్వు చూడు" అన్న.

"తెల్లగున్నదే!" అన్నది అత్త. ఆ గొంతు ఎన్నడు ఇనలే నేను.

పైపు తీసేసిండ్రు. నా కాళ్ళ మీద నేను నడిచిపోయి, నాకు వచ్చినప్పుడు, నేను పోసి, నేను ఆపిన. సప్పుడు ఇనుకుంట నవ్వుకున్న, పిచ్చిదాని లెక్క.

తర్వాత మేడంకు అత్త ముచ్చట చెప్పిన. అత్త నన్ను చంపినంత చూసింది. "దానికి మతి చెడ్డది మేడం, నాకేం లేదు. ఈ వయసుల నాకెందుకు?"

"ఇంతవరకు ఒక్కసారి గూడ కుట్టలేదా?" అన్నది మేడం. "చూస్తెగని చెప్పలేనమ్మా. ముప్పై ఏండ్ల మచ్చ గట్టిగుంటది. అయినా ఇదే మొదటిసారి గదా, అది మన మంచికే."

అత్త వాకిలి దాక పోయింది. నేను నీళ్ళసీసా మూత పెట్టి బల్ల మీద పెట్టిన. "నువ్వు పరీక్ష బల్ల ఎక్కేదాక నేను చుక్క ముట్ట" అన్న. "తాగకుంటే నాకేమైతదో నీకిప్పుడు ఎరుకే గదా."

"ఓసి దొంగముండ!" అన్నది. ఎక్కింది.

దూది నీలంగ తడిసింది.

ఫిబ్రవరి 3, సోమవారం, కరీంనగర్

అదే వార్డు. సత్తమ్మ మంచం ఉన్నకాడ ఇప్పుడు అత్త. ఆపరేషన్ అయ్యింది. మల్లేష్‌కు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నది, గర్భసంచి జారిందని చెప్పిన. నేను బరువులెత్తద్దని వదినె రెండు దినాలు తోడున్నది, నిన్న పోయింది.

ఆనాడు ఫోన్ల పెండ్లి అని ఏమన్నవని అడిగిన. "తల్లీకొడుకుల ముచ్చట నీకెందుకు?" అన్నది. మల్లేష్‌ను అడిగితే నవ్విండు. వాళ్ళిద్దరి మీద నాకు ఇంకా నమ్మకం లేదు.

కుట్లు నిలుస్తయో లేదో మేడం ఇంకా చెప్పలే. మచ్చ మస్తు గట్టిగున్నదట, కొవ్వు తెచ్చి అడ్డం పెట్టిండ్రట. ఇగ మిగిలింది పైపు, నీళ్ళు, నేను.

నేనంటే నేనే. పైపు మీద పండుకుంటదేమోనని చూస్తున్న. బ్యాగు మంచం మీద పెడుతదేమోనని చూస్తున్న. మొహమాటపడి గుడ్డు దిండు కింద దాస్తదేమోనని దిండు లేపి చూసిన. ఉన్నది! నా చేతుల పెట్టుకొని తినిపిచ్చిన. "ఇంత అనుమానమైతే ఎట్లనే?" అన్నది. అనుమానం కాకపోతే ఏంది, ముప్పై ఏండ్ల అలవాటు ఒక్కనాడు పోతదా?

పొద్దున సీసా నింపి ఇచ్చి మందులకు పోయిన. వచ్చేసరికి సీసా ఖాళీ. పండుకొని ఉన్నది, మంచం మీద, తెల్లటి పక్కబట్ట మీద, నడుమల. "తాగిన బిడ్డా, చూడు" అన్నది.

నేను నమ్మలే. తొట్టికాడికి పోయి చెయ్యి పెట్టి చూసిన. పొడిగున్నది. వంగి బ్యాగు చూసిన. నిండుతంది, నీళ్ళోలె తేటగ.